రెండు బ్రేకు లైట్లు

1982 డిసెంబరు 6, సోమవారం

గుంటని ఇంటికి తెచ్చేసాం.

పుట్టినప్పట్నుంచి పద్దెనిమిది రోజులు ఆస్పత్రిలో గాజు పెట్టెలో ఉంది. ఇవాళ పొద్దున్న పెద్ద డాక్టరు వచ్చి, ఆ పెట్టె ఇంకొకరికి కావాలమ్మా అన్నాడు. నా గుంట ఇంకా కేజీ నాలుగొందలే కదా బాబూ అన్నాను. ఆయన అప్పటికే కాగితం మీద సంతకం పెట్టేస్తున్నాడు. ఇంటి దగ్గర చూసుకోండి అన్నాడు. ఏటి చూసుకోవాలో చెప్పలేదు.

నెరిసిన జడ నర్సమ్మ మాత్రం గేటు దాకా వచ్చింది. "దీనికి మందులేం లేవమ్మా. వేడే మందు. ఏడో నెల్లో వచ్చేసింది కదా, దాని ఒంట్లో వేడి పుట్టదు. నువ్వే పుట్టించాలి. అరికాలు పట్టుకుని చూస్తుండు. అరికాలు చల్లబడితే ఆలస్యం చెయ్యకు" అంది. పెట్టె ఎలా కట్టుకోవాలో, బల్బు ఎంత దూరంలో ఉండాలో, పాలు ఉగ్గుగిన్నెతో ఎలా పట్టాలో చేతులు తిప్పి తిప్పి చూపించింది.

ఇంటి దగ్గర అత్త గుమ్మంలోనే కూర్చునుంది. గుంట మొహం చూడలేదు.

"తెచ్చీసినారా? ఎల్లిపోయేదాన్ని ఎందుకే పైడీ మోసుకొచ్చినావు? ఆశెట్టుకోకు."

రెండేళ్ళ కిందట పిల్లడు పుట్టినప్పుడూ ఇదే మాట. వాడూ నెలలు నిండకుండానే వచ్చాడు. అందరూ ఊరుకో అన్నారు, నాను ఊరుకున్నాను. నాలుగు రోజులున్నాడు.

ఇప్పుడు ఊరుకోను. ఇది చావదు. రాసి పెడుతున్నాను.

పదో క్లాసులో నాను అని రాస్తే తెలుగు మాస్టారు అరిచేతి మీద కొట్టేవారు. నేను అని రాయాలట. ఈ పుస్తకం ఎవరూ చూడరు. నానే రాస్తాను.


డిసెంబరు 7, మంగళవారం

పొద్దున్న పెట్టె తయారైంది. పక్కింటి మంగాయమ్మగారి ఆయన పోర్టులో చేస్తారు. మెషిను సామాన్లు వచ్చిన చెక్కపెట్టె ఒకటి తెచ్చిచ్చారు. బావ పూర్ణా మార్కెట్టు నుంచి దూది తెచ్చాడు. మా ఆయన్ని నాను బావ అనే పిలుస్తాను. లోపల చుట్టూ దూది, మధ్యలో కోళ్ళ గూటి వల అడ్డం, వలకి అవతల అరవై క్యాండిల్ బల్బు, ఇవతల గుంట. మూలని చిన్న గిన్నెలో నీళ్ళు. పైన సగం దాకా తువ్వాలు. నర్సమ్మ చెప్పింది చెప్పినట్టు.

పగలంతా బాగానే ఉంది. కరెంటు కోత సంగతి నాకు తెలియదా? తెలుసు. పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. ఊరంతటికీ తెలుసు. వేడినీళ్ళ సీసాలు పెట్టుకుంటే చాలనుకున్నాను.

సాయంత్రం ఆరు కొట్టగానే పోయింది. నాలుగు సీసాల్లో మరిగిన నీళ్ళు పోసి గుడ్డ చుట్టి పెట్టాను. ఏడయ్యేసరికి చల్లారిపోయాయి. మళ్ళీ స్టవ్వు, మళ్ళీ నీళ్ళు. నీళ్ళు కాగేలోగా పెట్టె చల్లబడుతోంది. ఎనిమిదింటికి అరికాలు పట్టుకున్నాను. కుండలో నీళ్ళు ముట్టుకున్నట్టుంది. పెదాలు నీలం.

నాను ఏడవలేదు. కళ్ళల్లోకి కిరసనాయిలు పొగ పోయింది.

బావ రైలు స్టేషను దగ్గర టాక్సీ స్టాండు నుంచి అప్పుడే వచ్చాడు. పెట్టెలో చెయ్యి పెట్టాడు, వెంటనే తీసేసాడు. బయటికి పోయాడు. పిల్లడప్పుడు కూడా ఇలాగే బయటికి పోయాడు, తెల్లారాక వచ్చాడు. పోతే పో అనుకున్నాను.

సందులో టాక్సీ వెనక్కి వస్తున్న చప్పుడైంది. కిటికీ దాకా తెచ్చి ఆపాడు. డిక్కీ తెరిచాడు, వెనకాల లైట్లు ఊడదీసాడు, వైరు కిటికీ ఊచల్లోంచి లోపలికి తోసాడు. ఇంజను ఆన్‌లోనే ఉంది, బ్రేకు నొక్కి ఉండేలా రాయి పెట్టాడు.

"పైడీ, ఇయ్యి పట్టుకో. బ్రేకు లైట్లు. రెండూ బాగా ఏడెక్కుతాయి."

వల అవతల కట్టాం. ఎనిమిదిన్నరకి వెలిగాయి. కరెంటు వచ్చేసరికి అరికాలు వెచ్చగా ఉంది.

బావ మంచోడే.


డిసెంబరు 8, బుధవారం

ఇవాళ ఇరవై ఒకటో రోజు. అత్త వద్దంది.

"పేరెట్టకే. పేరెడితే మరి మరిసిపోలేవు."

మరిచిపోడానికి పెట్టడం లేదు కదా. పిల్లడికి పేరు పెట్టలేదు, మరిచిపోయానా?

పొద్దున్న కోతలో ఇంజను చప్పుడులో, గుంట చెవిలో మూడుసార్లు చెప్పాను. చిలకమ్మ. చిలకమ్మ. చిలకమ్మ. మా అమ్మ పేరు. బావ కిటికీ బయట నిలబడి విన్నాడు. బాగుంది అన్నాడు.


డిసెంబరు 9

బతికే ఉంది.


డిసెంబరు 11, శనివారం

బావ వేరే హోల్డర్లు, వేరే బల్బులు, పొడుగు వైరు కొని తెచ్చాడు. బండికి లైట్లు బండికే పెట్టేసాడు. ఇప్పుడు పెట్టెకి సొంతంగా రెండు బల్బులు. కోత టైముకి టాక్సీ వచ్చి కిటికీకి వీపు పెట్టి నిలబడాలి, వైరు తగిలించాలి, అంతే.

బండి బ్యాటరీ పాతది. ఇంజను ఆపితే అరగంటకే బల్బులు పసుపచ్చగా అయిపోతున్నాయి. అందుకని ఇంజను ఆడుతూనే ఉండాలి. ఊరికే ఆడినా చాలదట. మెల్లగా తిరిగితే డైనమో కరెంటు తియ్యదు. బావ యాక్సిలేటరు మీద ఇటుక పెట్టాడు. స్టీరింగు ముందర ఎర్ర లైటు ఆరిపోతే బ్యాటరీలోకి కరెంటు ఎక్కుతున్నట్టు. ఎర్ర లైటు వెలిగితే ఇటుక జరపాలి.

సందంతా చప్పుడు. ఎవరేటి అనుకున్నా నాకు పట్టదు.


డిసెంబరు 14, మంగళవారం

పొద్దున్న కోతలో. ఏడున్నర అయి ఉంటుంది. చలిగా ఉందని తలుపు వేసేసాను. బావ బయట బండిలో కునుకు తీస్తున్నాడు. పాలు పడదామని చిలకమ్మని కదిపితే కదల్లేదు. బుగ్గ గిల్లాను. ఊహూ. నాకూ తల తిరుగుతోంది. రాత్రి నిద్ర లేక అనుకున్నాను.

తలుపు ధడాల్న తెరుచుకుంది. మంగాయమ్మగారు. ఆవిడ పోట్లాడ్డానికే వచ్చారట. ఆయన రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుంటే ఈ ఇంజను చప్పుడేంటని. లోపలికి అడుగు పెట్టి చీర కొంగు ముక్కుకి పెట్టుకున్నారు.

"ఏమ్మా, మతుండే చేస్తున్నావా? ఆ పొగ గొట్టం ఎటు తిరిగుందో చూసేరా అసలు? ముందు పిల్లని బయటికి తియ్యి! తియ్యమ్మా!"

నా చేతిలోంచి ఆవిడే లాక్కుని వీధిలోకి పరిగెత్తారు. నాను వెనకాల. బావ లేచి ఇంజను ఆపాడు. సందు మధ్యలో, చలిగాలిలో, ఆవిడ చిలకమ్మ అరికాలు మీద వేలితో కొట్టారు. ఒకసారి. రెండుసార్లు. మూడోసారికి మూతి ముడిచింది. తరవాత ఏడిచింది. పిల్లి కూనలా.

ఆవిడ తన శాలువా విప్పి చుట్టారు. "మా ఆయన చెప్పేరు. గోడౌన్లో తలుపులేసి లారీ ఆన్‌లో ఉంచితే ఇద్దరు కళాసీలు పడిపోయారంట. పొగకి వాసనున్నా లేకపోయినా మనిషిని పడుకోబెట్టేస్తుందండీ. బండి తిప్పండి అటు! ముక్కు ఇటు, తోక అటు!"

బావ బండి తిప్పాడు. ఇప్పుడు ముందు భాగం కిటికీ వైపు. వైరు నేరుగా బ్యాటరీకే. పొగంతా రైలు పట్టాల వైపు పోతోంది. కిటికీ మీద గోనె కట్టాం, వైరు దూరేంత సందే ఉంచాం. రెండో వైపు తలుపు తీసే ఉంచాలి.

ఆవిడ మళ్ళీ చప్పుడు మాట ఎత్తలేదు. వాళ్ళాయన చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటున్నారట.


డిసెంబరు 15

పొగ సంగతి మళ్ళీ రాయను.


డిసెంబరు 17, శుక్రవారం

బావ నాకు బండి స్టార్టు చెయ్యడం నేర్పాడు. నిన్న పాల కోసం ఆయన వెళ్ళినప్పుడు ఇంజను ఆగిపోయింది, నాను చూస్తూ నిలబడ్డాను. అలా ఇంకోసారి నిలబడనన్నాను.

గేరు న్యూట్రల్లో ఉందో లేదో కదిపి చూడాలి. చలికి మొరాయించే ఇంజనుకి చోక్ అనే బొత్తం లాగాలి. తాళం తిప్పాలి. ఇంజను పట్టుకోగానే చోక్ కొంచెం కొంచెం లోపలికి. ఇటుక. ఎర్ర లైటు.

మొదటిసారి ముందుకి గెంతింది. బావ నవ్వాడు. పిల్ల పుట్టాక ఆయన నవ్వడం ఇదే. రెండోసారి పట్టుకుంది. సందులో ఆడవాళ్ళు కొళాయి దగ్గర బిందెలు వదిలేసి చూసారు. అత్త నెత్తి కొట్టుకుంది.

"ఆడకూతురు మోటారు తిప్పడవేటే? సూసినోల్లు ఏటనుకుంతారు?"

"పైడితల్లి మోటారు తిప్పుతోందనుకుంటారు" అన్నాను.


డిసెంబరు 18

రాముడుపాలెం నుంచి ఎవరో చూడ్డానికి వచ్చారు. పిల్లని కాదు. బల్బుల్ని.

పొద్దున్న వచ్చే రైళ్ళు, సాయంత్రం వచ్చే హౌరా మెయిలు, అన్నీ కోత టైములోనే. టాక్సీకి బేరాలు దొరికేది అప్పుడే. బావ పదకొండు రోజులుగా ఆ టైముకి స్టేషనులో లేడు. నాను అడగలేదు. ఆయన చెప్పలేదు.


డిసెంబరు 19, ఆదివారం

షావుకారు శ్రీరామ్మూర్తిగారు వచ్చారు. ఆయనవి మూడు టాక్సీలు. బావ నడిపేది అందులో ఒకటి. సాయంత్రం కోత మొదలై పావుగంట అయింది. సందు మొగలో స్కూటరు ఆపి, చప్పుడు వింటూ నడిచి వచ్చారు. బండి ముందర బ్యానెట్టు తెరిచి ఉండటం, అందులోంచి వైరు కిటికీలోకి పోవటం చూసారు.

"ఏరా ఎల్లాజీ, బండి తిరగడానికిచ్చానా, దీపం పెట్టుకోడానికిచ్చానా? నిలబెట్టి రోజుకి ఆరేసి గంటలు ఆడిస్తే ఇంజను ఏమవుతుంది? మెయిలు టైముకి నీ బండి స్టాండులో లేదని అందరూ చెప్తున్నారు."

"గుంట బాగోలేదు బాబూ. ఇంకో నెల."

"నెలా? ఇయ్యి తాళం. కామరాజు నడుపుతాడు."

బావ తల దించుకున్నాడు. బండి కిటికీలోకి చెయ్యి పెట్టి, ఇంజను ఆపి, తాళం తీసాడు. తీసేసాడు. నాను లోపల పెట్టె దగ్గర ఉన్నాను. బల్బులు మందగించడం చూసాను.

బయటికి వచ్చి బావ చేతిలోంచి తాళం లాక్కున్నాను. జాకెట్టులో దోపేసాను.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు షావుకారు.

"బాబూ, లోపలికి రండి. ఒక్కసారి చూడండి. చూసి, మీ చేత్తో ఆ బల్బులు తీసేసి, మీరే తీసుకెళ్ళండి."

"నేనెందుకమ్మా చూడ్డం? నాకు పిల్లలు లేరా? ఆస్పత్రులున్నాయి కదా ఊళ్ళో."

"ఆస్పత్రి వాళ్ళే పంపించేసారు. మీరూ పంపించేస్తారు. ఇంక మిగిలింది ఎవరు? నాను పంపించను."

"నీ మొగుడు ఉద్యోగం పోతుంది."

"పోతే పోతుంది. గుంట పోకూడదు."

గొంతు పెద్దదైపోయింది. సందంతా బయటికి వచ్చింది. షావుకారు అందర్నీ ఒకసారి చూసారు. రేపు పొద్దున్నకి బండి స్టాండులో లేకపోతే మర్యాద దక్కదని చెప్పి వెళ్ళిపోయారు.

నాను బండి స్టార్టు చేసాను. ఇటుక పెట్టాను. ఎర్ర లైటు ఆరింది.

బావ మంచోడే. అడిగింది షావుకారు కదా, అంతే. బావ మంచోడే.


డిసెంబరు 20, సోమవారం

బండి లేదు. షావుకారు దగ్గర ఇంకో తాళం ఉందని నాకు తోచనే లేదు. మధ్యాహ్నం, కరెంటున్న టైములో, బావ అన్నం తింటుంటే, వాళ్ళ షెడ్డు మనిషి వచ్చి బండి తీసుకుపోయాడు. వైరు సందులో పడేసి పోయాడు.

ఇప్పుడు ఐదున్నర. ఆరింటికి పోతుంది.

నాకేం భయం లేదు.


డిసెంబరు 21, మంగళవారం

నిన్న సంగతి రాయాలి.

ఆరింటికి కరెంటు పోయింది. బావ తోటి డ్రైవరు వీర్రాజు కోసం స్టేషనుకి సైకిలు మీద పరిగెత్తాడు. నాను పెట్టెలోంచి చిలకమ్మని తీసి, జాకెట్టు విప్పి, గుంటని ఒట్టి ఒంటి మీద బోర్లా పడుకోబెట్టుకున్నాను. పైన చీర, ఆ పైన దుప్పటి, ఆ పైన మంగాయమ్మగారి శాలువా. గోడకి ఆనుకుని కూర్చున్నాను. నా గుండె దాని చెవికింద కొట్టుకుంటోంది. అరికాళ్ళు నా అరిచేతిలో. బొటనవేలంత లేవు.

ఎంతసేపయ్యిందో. నాకు చెమట పట్టింది, తరవాత ఆ చెమటే చల్లబడి ఒళ్ళంతా వణుకు మొదలైంది. బాలింత ఒళ్ళు. పళ్ళు టకటకలాడుతున్నాయి. నా వణుక్కి గుంట కూడా వణుకుతోంది. అరికాలు వెచ్చదనం తగ్గుతోంది. ఎవర్ని పిలవను? అత్త చీకట్లో అటు మూల కూర్చునుంది. ఆవిడ్ని పిలవకూడదనుకున్నాను.

ఆవిడే లేచి వచ్చింది.

"ఇలా తే."

"నాను ఇవ్వను."

"ఒలే, నీ ఒల్లు సల్లబడిపోనాది. నాకు తెల్దా? ఇలా తే అంతన్నాను."

రవిక విప్పుకుంది. ఎండిపోయిన రొమ్ములు. గుంటని అందుకుని వాటి మధ్యన పెట్టుకుంది. దాని నెత్తి మీద గడ్డం ఆనించి, కాళ్ళు రెండూ ఒక చేత్తో కప్పి, కళ్ళు మూసుకుంది. నెత్తిన ఎంత ఎండ కాసినా చలి అనే మనిషి, పొయ్యిలా వెచ్చగా ఉంది. నాను ఆవిడ వీపుకి నా వీపు ఆనించి దుప్పటి కప్పుకుని కూర్చున్నాను.

ఏడున్నర తరవాత సందులో హారను. బావ, వీర్రాజు. వీర్రాజుది వేరే షావుకారి బండి. అతనే బ్యానెట్టు ఎత్తి వైరు తగిలించాడు.

"సెల్లీ, బల్బులెలిగినాయా?"

వెలిగాయన్నాను.

"ఇయ్యేళ నాది. రేపు పొద్దున్న తవిటయ్యది. రేపు పొద్దుకూకినాక కామరాజు వత్తానన్నాడు. స్టాండులో తొమ్మిది బండ్లున్నాయి సెల్లీ. నువ్వు గుంటని సూసుకో."

కామరాజు అంటే షావుకారు బండి ఇస్తానన్న కామరాజే. అతను ఆ బండి ముట్టుకోనని చెప్పేసాడట. స్టాండులో ఎవరూ ముట్టుకోరట.

కరెంటు వచ్చాక అత్త గుంటని పెట్టెలో పెట్టి రవిక వేసుకుంది. "ఈల్లు ఎన్నాల్లొత్తారో రెండు పూట్లకి తెలిసిపోద్ది. ఆశెట్టుకోకు" అంది.

నాను ఏడవలేదు.


డిసెంబరు 24

రాయడానికి చెయ్యి ఖాళీ లేదు. తవిటయ్య, కామరాజు, ఇంకా పేరు తెలియని ఒక పొడుగాయన. ఎవరి బండి వస్తే దాని జబ్బులు దానికి. తవిటయ్యది స్టార్టు అవ్వదు, పిల్లలందరూ తోస్తారు. పొడుగాయనది చప్పుడే వినపడదు, కొత్తది. ఎవరు వచ్చినా ముందు చేతులు కడుక్కుని వచ్చి తువ్వాలు ఎత్తి చూస్తారు. చూసి, బయటికి పోయి, బీడీ సందు చివరికి వెళ్ళి కాల్చుకుంటారు.

బావ వాళ్ళ పక్కన కూర్చుంటాడు. చేసే పని లేదు. పొద్దుటి నుంచి వైరు తుడుస్తాడు, హోల్డరు తుడుస్తాడు. నాతో మాట్లాడటం లేదు. నాను కూడా.


డిసెంబరు 27, సోమవారం

వారం రోజులు షావుకారి బండి షెడ్డులోనే పడి ఉంది. ఇవాళ ఆయన షెడ్డు మనిషి చేత తాళం పంపించాడు. "పొద్దున్న సాయంత్రం మీ ఏడుపు ఏడవండి, మధ్యలో బండి స్టాండులో ఉండాలి" అని కబురు.

బావ తాళం తీసుకోలేదు. నా వైపు చూసాడు.

"నాను ఆ రోజు తాళం తీసినాను పైడీ. నువ్వు సూసినావు."

"చూసాను."

"పిల్లడప్పుడు కూడా బయటికి పోనాను."

"పోయావు."

ఆ మాట ఇన్నాళ్ళూ ఇంట్లోనే ఉంది, ఎవరూ పలకలేదు. ఇప్పుడు పలికాం. పైకప్పు కూలలేదు.

షెడ్డు మనిషి చేతిలోంచి తాళం నాను తీసుకుని బావ చేతిలో పెట్టాను. "ఈసారి అడిగితే లేదని చెప్పు" అన్నాను.

"సెప్తాను."

చెప్తాడో లేదో. చెప్తాడు.


1983 జనవరి 1

కేజీ ఏడొందలు. కిరాణా కొట్టు తక్కెట్లో, పళ్ళెంలో దూది వేసి తూచాం. కొట్టాయన బియ్యం కొనేవాళ్ళని ఆపి మరీ తూచాడు.


జనవరి 5

రాత్రి పాలు కక్కింది. ఊపిరి ఆగినట్టయింది. బోర్లించి వీపు నిమిరాను. మళ్ళీ తీసుకుంది. తెల్లారే దాకా దాని ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను, నిద్ర పట్టక. చలి.


జనవరి 10, సోమవారం

ఆస్పత్రికి తీసుకెళ్ళాం. కేజీ తొమ్మిదొందలు.

పెద్ద డాక్టరు చీటీ చూసాడు, పిల్లని చూసాడు, మళ్ళీ చీటీ చూసాడు. "ఏ నర్సింగ్ హోములో పెట్టారు?"

"ఇంట్లోనే బాబూ."

"కరెంటు కోతలో?"

"టాక్సీకి తగిలించాం."

ఆయనకి అర్థం కాలేదు. బావ చెప్పాడు. బ్యాటరీ, డైనమో, ఇటుక అంతా. డాక్టరు కళ్ళజోడు తీసేసాడు. "పొగ పీల్చి చచ్చిపోయేది తెలుసా? వైర్లు షార్టయితే? ఇలాంటి పిచ్చి పనులు..." అని కేకలేసాడు. అన్నీ నిజమే. పొగ సంగతి నాకు ఆయన కంటే బాగా తెలుసు.

కేకలు అయ్యేదాకా ఆగాను. "మీరు ఇంటికి పంపించిన రోజు ఇవన్నీ చెప్పుంటే బాగుండేది బాబూ" అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, గుంట గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. మందుల చీటీ రాసి, "బుధవారం బుధవారం తీసుకురా. నేనే చూస్తాను" అన్నాడు. మెల్లగా అన్నాడు.

నెరిసిన జడ నర్సమ్మ వరండాలో గుంట అరికాలు పట్టుకుని చూసింది. నా బుగ్గ గిల్లింది, నానే పసిపిల్లనైనట్టు.


జనవరి 12, బుధవారం

మధ్యాహ్నం బట్టలు ఉతికి వచ్చేసరికి అత్త పెట్టె దగ్గర కూర్చుని లోపల చెయ్యి పెట్టి ఉంది. చిలకమ్మ ఆవిడ వేలు పట్టుకునుంది. నన్ను చూసి చెయ్యి తియ్యబోయింది, గుంట వదల్లేదు.

"నాకు ముగ్గురు" అంది అత్త. నా వైపు చూడకుండా. "మీ బావకి ముందు. ఇలాటోల్లే. మా అత్త సేటలో పడుకోబెట్టి మూలనెట్టీసింది. ముట్టుకోకు, పాలెట్టకు, ఆశెట్టుకోకంది. నాను ఎవుల్నీ ఏటీ అడగలేదు. రెండో ఆడు ఒక పగలు ఒక రేత్రి ఏడిసినాడే పైడీ. గట్టోడు. నాను ఇనుకుంటా కూకున్నాను."

ఆవిడ పక్కన కూర్చున్నాను. తడి బట్టల బకెట్టు అలాగే వదిలేసి.

"నువ్వడిగినావు" అంది.

ఆవిడ ఏడ్చింది. నానూ ఏడ్చాను. పొగ లేదు, చలి లేదు. ఏడ్చాను, అంతే.


జనవరి 19

రెండు కేజీల వంద. డాక్టరుగారే తూచారు.


జనవరి 23, ఆదివారం

సాయంత్రం ఆరింటికి కరెంటు పోయింది. బావ రాలేదు. సింహాచలం బేరం వెళ్ళాడు, ఐదింటికల్లా వచ్చేస్తానన్నాడు. ఆరుంపావు అయింది. అత్త వీధిలోకి వెళ్ళి చూసి వచ్చింది. "వీర్రాజుకి కబురెట్టనా? బేగి సెప్పు" అంది.

పెట్టెలో చెయ్యి పెట్టాను. దూది ఇంకా వెచ్చగానే ఉంది. కొంచెం ఆగు అన్నాను.

ఆరున్నర. దూది చల్లబడింది. బల్బులు ముట్టుకున్నాను, గాజు చల్లగా ఉంది. చిలకమ్మ అరికాలు పట్టుకున్నాను.

వెచ్చగా ఉంది.

నా చేతి వేడేమో అనుకున్నాను. చెయ్యి బయట పెట్టి, చలిగాలిలో కాసేపు ఉంచి, మళ్ళీ పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. రెండో కాలు. పొట్ట. చంకలు. మెడ వెనకాల. అత్తని పట్టుకుని చూడమన్నాను. ఆవిడ చూసింది. ఇంకోసారి చూసింది. ఇద్దరం చీకట్లో పెట్టెకి చెరో వైపు కూర్చున్నాం. కబురు పంపించలేదు. ఏడు. గుంట నిద్రపోతోంది. కాలు మాత్రం నాను వదల్లేదు.

ఏడుంపావుకి సందు మొగ నుంచే హారను కొట్టుకుంటూ వచ్చాడు బావ. దారిలో టైరు పంచరు. బండి ముక్కు కిటికీ వైపు పెట్టి, దిగుతూనే బ్యానెట్టు ఎత్తాడు. చేతులనిండా మట్టి, మొహమంతా చెమట.

"వైరియ్యి పైడీ! బేగియ్యి! గుంటకెలాగుంది?"

గుంటని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చాను. పుట్టాక అది చీకటి వేళ బయటి గాలి చూడ్డం అదే. తువ్వాలు ఒక్కటే చుట్టాను. బావ మొహం తెల్లబోయింది.

"మట్టి చెయ్యి తుడుచుకుని, దీని కాలు పట్టుకో" అన్నాను.

లుంగీకి తుడుచుకుని పట్టుకున్నాడు. వదల్లేదు.

"ఇప్పుడే తీసినావా పెట్టెలోంచి?"

"పెట్టె చల్లబడి ముప్పావుగంటయింది. ఆ వేడి దానిదే బావా."

గుంట కళ్ళు విప్పి, బండి లైట్ల వెలుగుకి చిరాకుపడి, ఒక్క కేక పెట్టింది. పిల్లి కూన గొంతు కాదు. మంగాయమ్మగారు వాళ్ళ గుమ్మంలోకి వచ్చేసారు.

"బ్యానెట్టు దించు. మెయిలు టైము అవుతోంది, స్టేషనుకి ఎళ్ళు" అన్నాను.